జీవితానికి తాళింపు

ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు విద్యార్థికి ఏదో ఒక తరగతిలో తప్పక ఎదురయ్యే నానుడి ఒకటున్నది. ‘వెరైటీ ఈజ్ ది స్పైస్ ఆఫ్ లైఫ్’ అని ఆంగ్లేయుల వాడుక. దానికెదురుగా ‘వైవిధ్యమే జీవితానికి మసాలా’ అని గైడు పుస్తకాలలో అచ్చయి ఉంటుంది. విద్యార్థి దానిని వల్లెవేసి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకొని మరచిపోతాడు. పాపం, ఆ అనువాదంలో అర్థం తప్పిందని అనలేము. తప్పినదల్లా రుచి. మసాలా అనగానే తెలుగువాని మనసులో మెదిలేవి పెండ్లి విందులో ఘాటైన వంటకం, సినిమా ప్రకటన, నమ్మదగని వార్తాకథనం. ‘మసాలా దట్టించి చెప్పాడు’ అంటే ఉన్నదానికి లేనిది చేర్చాడనే గదా మనవారి భావం! అరబ్బీలో ఉపయోగకరమైన వస్తుసామగ్రి అనే గౌరవార్థంలో పుట్టి, పారశీకం మీదుగా ఉర్దూకు, ఉర్దూ నుండి తెలంగాణ వంటింటికి వచ్చిన ఆ మాట, వంటింట్లో మర్యాదగానే ఉన్నా వాక్యంలోకి వచ్చేసరికి కొంత చులకనైపోయింది. ఒక పెద్దమనిషి మాటను వేళాకోళగాని నోట పెట్టినట్లయింది ఈ అనువాదం.

ఇంతకూ ఆ మాట అన్న పెద్దమనిషి ఎవరు? అతడు విలియం కూపర్ అనే ఆంగ్లకవి. అక్షరాలను బట్టి చాలామంది కౌపర్ అని చదువుతారు; ఆయన ఇంటివారు మాత్రం కూపర్ అనే పలికేవారు. 1731 లో పుట్టి 1800 లో మరణించిన ఆ కవి జీవితంలో వైవిధ్యమంటూ ఉన్నదా అంటే, లేదనే చెప్పాలి. మనోవ్యాధి పలుమార్లు ఆయనను కుంగదీసింది. ఆల్నీ అనే చిన్న ఊరిలో, లేసు అల్లుకొని బ్రతికే పేదల మధ్య, తోటపని చేసుకొంటూ, మూడు కుందేళ్ళను పెంచుకొంటూ కాలం గడిపాడు. స్నేహితురాలైన ఆస్టెన్ దొరసాని ఒకనాడు, ఏమి రాయమంటావని ఆయన అడిగితే, ఎదుట ఉన్న సోఫా మీదనే రాయమన్నదట. ఆ వేడుక మాట పెరిగి పెరిగి ఆరు ఖండాల కావ్యమైంది. ‘ది టాస్క్’ అనే పేరుతో 1785 లో వెలువడిన ఆ కావ్యం రెండవ ఖండంలో ఈ మాట ఉన్నది.

అయితే చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. కవి అక్కడ వైవిధ్యాన్ని మెచ్చుకోవడం లేదు, వెక్కిరిస్తున్నాడు. ఆనాటి లండన్ నాగరికులు నెలకొక వేషం మార్చడం, నిన్నటి అందమైన దుస్తును నేడు పారవేసి వికారమైన కొత్తదానిని తొడుక్కోవడం, నేతగాని మగ్గం మీద ఊహ అలసిపోయేదాకా కొత్తదనం కోసం పరుగులెత్తడం, బట్టల మోజుకు ఇంటి సుఖాన్ని బలిపెట్టడం, ఇదంతా ఆ చరణాల తరువాత వచ్చే విషయం. సందర్భం తెలిసి అనువదించేవాడు గైడు పుస్తకాన్ని పక్కకు నెట్టి, ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని మన ముసలమ్మల మాటనే రాసి ఊరుకొనేవాడు. కవి ఉద్దేశించినది అదే. కాని సామెత కవి చేయి దాటిన తరువాత కవి మాట వినదు. ఎగతాళి రాలిపోయి మెప్పు మిగిలింది. ఇప్పుడు హోటలు భోజనపు జాబితా మీద, విహారయాత్రల ప్రకటనలలో, తరచు ఉద్యోగాలు మారేవాని సమర్థనలో అది మెప్పుగానే వినిపిస్తున్నది.

ఆ భావం కూపరుతో పుట్టినదీ కాదు. మార్పులేని సుఖం సుఖం కాదన్న అర్థంలో క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలోనే పబ్లీలియస్ సైరస్ అనే లాటిన్ రచయిత చెప్పాడు. 1681 నాటి నాటకంలో ఆఫ్రా బెన్ అనే రచయిత్రి వైవిధ్యాన్ని సుఖానికి ప్రాణంగా వర్ణించింది. కూపరు చేసినది ప్రాణం స్థానంలో ‘స్పైస్’ను నిలపడమే. అయితే ఆనాటి ఇంగ్లండులో స్పైస్ అంటే సామాన్య వస్తువు కాదు. మిరియం, లవంగం, జాజికాయ, దాల్చినచెక్క అక్కడి నేలలో పండవు. సముద్రాలు దాటి, ప్రాణాలొడ్డి తేవలసినవి. వాటికోసమే డచ్చివారు 1605 లోనూ, ఇంగ్లీషువారు 1611 లోనూ మన మచిలీపట్నానికి వచ్చారు. మచిలీపట్నంలో లవంగాలు దొరుకుతాయని కాదు. లవంగాలు దొరికే తూర్పు దీవులలో వెండికంటె తెలుగు నేతగాండ్ర రంగురంగుల బట్టలకు గిరాకీ ఎక్కువ. ఇక్కడి బట్ట అక్కడికి పోయేది, అక్కడి దినుసు ఐరోపాకు పోయేది. కనుక మగ్గాన్నీ, స్పైస్‌నూ ఒకేచోట పేర్కొన్న కూపరు చరణాలలో, ఆయన ఎరిగినా ఎరుగకపోయినా, కోరమాండల్ తీరపు నేతగాని చెమట కొంత ఉన్నది. ఆయన అసలు ఎరుగనివాడని అనడానికీ లేదు. అదే కావ్యం నాలుగవ ఖండంలో, చలికాలపు సాయంత్రం వార్తాపత్రిక ఇంటికి వచ్చిన వేళ, భారతదేశం స్వేచ్ఛగా ఉన్నదా లేక ఇంకా మన చేతిలో నలుగుతూనే ఉన్నదా అని ఆయన ప్రశ్నించుకొన్నాడు. అప్పటికి ఉత్తర సర్కారులు కుంపిణీ చేతికి పోయి ఇరవై ఏండ్లు కావస్తున్నది.

సరే, ఇక ఈ నానుడిని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు? మన రచయితలు తరచు పొరబడేది ఇక్కడనే. పదిమంది పది రకాలుగా ఆలోచిస్తారన్న అర్థంలో దీనిని వాడుతారు. అందుకు ఇంగ్లీషులో వేరే పలుకుబళ్ళున్నాయి. ఈ నానుడి ముఖ్యంగా ఒకే మనిషి అనుభవంలోని మార్పును గురించినది. రోజూ ఒకే కూర తింటే, ఒకే దారిన నడిస్తే, ఒకే పని చేస్తే కలిగే విసుగుకు విరుగుడు అది. ఆ విసుగుకు తెలుగులో చక్కని క్రియ ఉన్నది, ‘మొహం మొత్తడం’ అని. తీపి తిన్నకొద్దీ మొహం మొత్తుతుంది. పొగడ్త విన్నకొద్దీ మొహం మొత్తుతుంది. ఇంగ్లీషువారు విరుగుడుకు పేరు పెడితే మనవారు రోగానికి పేరు పెట్టారు. విరుగుడును మనవారు అంతగా నమ్మినట్లు కూడా లేదు. ‘పొరుగింటి పుల్లకూర రుచి’ అన్నవారికి కొత్తరుచి మీద కోరిక ఎంత బలమైనదో తెలుసు, అది ఎంత మోసగత్తెయో కూడా తెలుసు.

‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్నది వేరే దారి. అక్కడ మనుషులు అనేకులు, ఒక్కొక్కనిది ఒక్కొక్క రుచి. చదువుకొన్నవారు దానినే ‘లోకో భిన్నరుచిః’ అంటారు. ఆ భావం రఘువంశం ఆరవ సర్గలో ఎంత హుందాగా వచ్చిందో సంస్కృతం చదివినవారికి తెలుసు. ఇందుమతి స్వయంవరంలో సునంద ఒక్కొక్క రాజునూ వర్ణిస్తూ అంగరాజు ఎదుటికి తెస్తుంది. ఇందుమతి అతడిని దాటి ముందుకు సాగిపోతుంది. అతడు కోరదగనివాడు కాడు, ఆమె చూడనేరనిదీ కాదు, లోకంలో రుచులు వేరువేరు, అంతే అని కాళిదాసు తీర్పు. ఓడినవానికి అవమానం లేకుండా, ఎన్నుకొన్నదానికి నింద లేకుండా చెప్పిన మాట అది. మాళవికాగ్నిమిత్రంలో అదే కవి, భిన్నరుచులున్న జనాన్ని ఒక్కచోట సంతోషపెట్టగలది నాట్యమే అన్నాడు. ఈ రెంటిలోనూ వైవిధ్యం మనిషి తెచ్చిపెట్టుకొన్న వినోదం కాదు. లోకం తీరే అది. ఇంగ్లీషు నానుడికీ మన మాటకూ ఉన్న దూరం ఇంత. ఒకటి విస్తరి ముందు కూర్చున్నవాడు కోరుకొనేది, మరొకటి పంక్తి పొడవునా కూర్చున్నవారందరినీ చూసి వడ్డించేవాడు అనుకొనేది.

పుస్తకాల మాట అటుంచి, ఈ రెంటి తారతమ్యం తెలియడానికి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాటారం వంటి ఊరు బాగా పనికివస్తుంది. 2016 అక్టోబరు దాకా ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఒక దారి మంథనికి, ఒక దారి భూపాలపల్లికి, ఒక దారి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరానికి పోతాయి. మంథని వేదపండితుల పుట్టినిల్లు. భూపాలపల్లి బొగ్గుగనుల పట్టణం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాలునిదొకటి, ముక్తీశ్వరునిదొకటి. మృత్యువూ మోక్షమూ పక్కపక్కనే పూజలందుకొంటాయి. గోదావరిలో ప్రాణహిత కలిసేది అక్కడే. వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. రాష్ట్రం మారినా అంగట్లో తెలుగు మారదు. మరాఠీ, గోండు దానికి తోడవుతాయి. మహదేవపూర్ దసలి పట్టుకు పేరుపడ్డ చోటు. అడవిలో మద్దిచెట్ల మీద పెరిగిన పురుగు కట్టిన గూళ్ళ నుండి తీసే ఆ దారానికి సహజంగానే తేనెరంగు. కూపరు మగ్గాన్ని తిట్టినది ఇటువంటి నేతను చూసి కాదని ఆయన తరఫున చెప్పవచ్చు.

వేదం, బొగ్గు, పట్టు, అడవి, మూడు నాలుగు భాషలు ఇంత దగ్గరగా ఉన్నచోట వైవిధ్యాన్ని ఎవరూ ప్రత్యేకంగా కోరుకోరు. వంటింట్లోనే చూడవచ్చును. కోస్తా నుండి కొత్తగా వచ్చిన ఉద్యోగి పచ్చడి అంటే ఇక్కడివారు తొక్కు అంటారు. అతడి అలసందలు ఇక్కడ బబ్బెర్లు. వెల్లుల్లి ఎల్లిగడ్డ, సంత అంగడి. అతడు ఉగాది పచ్చడిని చేతిలో వేసుకొని నాకుతాడు. ఇక్కడివారు కొత్తకుండలో పలుచగా కలిపి గ్లాసులతో తాగుతారు. ఉభయులకూ ఆరు రుచులే. ఆ ఆరింటిలో కారం ఒకటి మాత్రమే, తక్కిన అయిదింటికి పెద్ద కాదు. జీవితానికి రుచినిచ్చేది ఏదో ఒక్కటే దినుసు అనే ఊహ మన ఏడాది మొదటి దినానికే పొసగదు.

మరి కారం తెలుగువాని సొత్తు కాదా అని ఎవరైనా రోషపడవచ్చు. ఈ రోషానికి వయస్సు అయిదువందల ఏండ్లకు మించదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలలో పదహారవ శతాబ్దిలో మన దేశం చేరింది. దానికి మనవారు పెట్టుకొన్న పేరులోనే పాత మిరియం దాగివున్నది. హిందీలో నల్లదీ మిర్చే, ఎర్రదీ మిర్చే. ఓరుగల్లు ఏలిన కాకతి గణపతిదేవునికి మిరపకాయ తెలియదు. ఆయన 1244 లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకం విధించిన సరకులలో మిరియాలు, కర్పూరం, చందనం ఉన్నాయి. అంటే ఆనాటి ఓరుగల్లు నగళ్ళలోనూ, కూపరు నాటి లండనులో వలెనే, ఘాటైన వస్తువు బయటి నుండి వచ్చేదే. నేడు అదే ఓరుగల్లులోని ఏనుమాముల మార్కెట్టు మిర్చి బస్తాలతో ఎరుపెక్కుతుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉన్న వరంగల్ చపాటా రకానికి 2025 లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయిదు శతాబ్దాల క్రితం అతిథిగా వచ్చిన మొక్కకు ఇక్కడిదే అని ప్రభుత్వ ముద్ర పడింది. అందులో తప్పేమీ లేదు. చుట్టరికం అలాగే కలుస్తుంది.

భూపాలపల్లి ప్రాంతపు రైతు ఈ మిరపనే నమ్ముకొన్నాడు. నమ్మి, 2021 చివరలో దెబ్బతిన్నాడు. నల్ల తామరపురుగు అనే పరాయి పురుగు ఆ ఏట తెలంగాణ, ఆంధ్ర మిరపతోటల మీద విరుచుకుపడింది. పువ్వులోనే చేరి పూతను రాల్చివేసింది. ఏ మందుకూ సులభంగా లొంగలేదు. మిరప పెట్టుబడి ఎక్కువగా కోరే పంట; నారు, ఎరువు, మందు, కోతకూలి అన్నీ అప్పు మీదనే నడుస్తాయి. కొందరు నిలబడివున్న తోటలను దున్నివేశారు. ఉన్న కొద్ది నేలనంతా మిరపకే పెట్టిన ఇంటికి ఆ సంవత్సరం తినడానికి గింజ కూడా కొనుక్కోవలసి వచ్చింది. వెనుకటి తరం జొన్నచేనులో కంది, పెసర, అనుములు కలిపి చల్లేది. వాన ముందు వస్తే ఒకటి, వెనుక వస్తే ఒకటి, పురుగు పడితే మరొకటి దక్కేది. ఆ రైతుకు వైవిధ్యం మసాలాయా, తాళింపా అని అడగడం పరిహాసం. అది అతడి గంజి. పాత పద్ధతిని పొగడినంత సులభంగా తిరిగి తేలేము. జొన్నకు మార్కెట్టులో మిర్చి ధర రాదు, అప్పు ఇచ్చినవాడు అనుములు తీసుకోడు. ఆ ముడి విప్పనిదే రైతుకు పంటమార్పిడి మీద చేసే ఉపన్యాసాలు చెవికెక్కవు.

జిల్లాలోని అడవి పల్లెలలో కోయలున్నారు. వారి పండుగలలో విత్తనానికి ఒకటి, కొత్తపంటకు ఒకటి ఉన్నాయి. కొత్తల పండుగ కాకుండా కొత్త గింజ నోటపెట్టరు. వారి మాట కోయభాష, గోండుకు దగ్గర, తెలుగుకు సోదరి. 2011 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద కోయను మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 4 లక్షలమంది. అదే లెక్కలలో కోయ తెగవారి సంఖ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కదానిలోనే అంతకంటె ఎక్కువగా ఉన్నది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కోయలు దానికి అదనం. తెగ ఉన్నది, మాట జారిపోతున్నది. బడిలో, బస్సులో, ఆసుపత్రిలో, ఆఫీసులో తెలుగే కావలసివచ్చినప్పుడు తల్లి తన బిడ్డతో తెలుగే మాట్లాడుతుంది. ఆమెను తప్పుపట్టడం అన్యాయం. ‘వైవిధ్యం జీవితానికి రుచి’ అని సభలలో చెప్పేవారు రుచి చూసి లేచిపోతారు. ఆ రుచిని నిలబెట్టే భారం ఆ తల్లి మీద పడుతుంది.

అనువాదం సంగతికి తిరిగి వస్తే, దానిలో ఆరితేరినవాడు ఒకడు ఈ ప్రాంతానికే ప్రతినిధిగా ఉండేవాడు. కాటారం నేడు చేరివున్న మంథని శాసనసభా నియోజకవర్గానికి 1957 నుండి 1977 వరకు పి.వి. నరసింహారావు సభ్యుడు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ఆయన ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చాడు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవల ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’ను తెలుగు చేశాడు. ఆ మరాఠీ పేరు ఒక నుడికారం, ఎవరు పట్టించుకొంటారులే అనే నిట్టూర్పు. మాటకు మాట పెడితే తెలుగులో అది నవల పేరుగా నిలవదు. ఆయన దానిని వదిలి, కథలోని బాధను చూసి, ‘అబల జీవితం’ అని పేరు పెట్టాడు. మొదటి పుస్తకానికి మాటకు మాట సరిపోయింది, రెండవదానికి సరిపోలేదు. ఎప్పుడు ఏది చేయాలో తెలియడమే అనువాదకుని పని.

ఆ పద్ధతిలో చూస్తే, మెప్పుగా వాడిన ఇంగ్లీషు నానుడికి మసాలా కంటె తాళింపు దగ్గరి మాట. ఒకచోట తాళింపు, ఒకచోట పోపు, ఇంకొకచోట తిరగమోత అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. అది లేని కూర చప్పిడి, రోగి తినే తిండి. పైగా తాళింపు ఒక్క దినుసు కాదు. ఆవాలు చిటపటలాడాలి, జీలకర్ర వేగాలి, మెంతులు మాడకూడదు, ఎండుమిరప నల్లబడకూడదు, కరివేపాకు చివరకు పడాలి. వేరువేరు గింజలు వేరువేరు వేళల్లో వేగి, ఒకదానిని ఒకటి చెరుపకుండా కలుస్తాయి. ఎగతాళిగా వాడినచోట కొత్త ఒక వింత, పాత ఒక రోత. పదిమంది రుచులను గురించినదైతే జిహ్వకో రుచి. రైతు చేనును గురించినదైతే ఈ నానుడిని అసలు వాడకపోవడమే మర్యాద.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వం కోయ, గోండు, కొలామీ, బంజారా మొదలైన ఎనిమిది భాషలలో చిన్నపిల్లలకు వాచకాలు తయారుచేయించింది. కోయకు తెలుగు లిపినే వాడారు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పైతరగతిలో ఇంగ్లీషు చదివే పిల్లవాడు ఈ నానుడి దాకా వచ్చేసరికి మూడవ భాషలో ఉంటాడు. గైడు రాసేవారు దానికి ఒక్క మాట వెదికితే సరిపోతుంది. వాడు రెండు వెదుక్కోవాలి, రెండవదాన్ని వాడికి ఏ గైడూ అచ్చువేయలేదు. ఇంటికి పోయి అవ్వను అడగాలి.